చావుకుండల లెక్క

రెండు వేసవుల జ్వరాలకి మా ఊరి జాలరిపేటలో పోయినవి ఇవి. మనుషులు ముప్పై ఒక్కరు. నడిపేవాళ్ళు లేక ఒడ్డున ఎండి పగుళ్ళిచ్చిన పడవలు మూడు. ఎత్తేవాళ్ళు జ్వరంలో పడి ఉండగా నీళ్ళలోనే కుళ్ళిపోయిన పెద్దవల ఒకటి, చిన్నవలలు ఐదు. తడిక మూసి తాడు కట్టేసిన ఇళ్ళు నాలుగు. పాడిగేదె ఒకటి, దాన్ని చూసే మనిషి మంచం పట్టిన మూడోనాడు పలుపు తెంపుకుని పోయింది, మళ్ళీ కనపడలేదు. పెళ్ళి ఒకటి, ముహూర్తం పెట్టుకున్నాక పెళ్ళికొడుకు పోయాడు. ఆ నీరసంతోనే, వేసవి దాటి పులస చేప వచ్చే రోజుల్లో ఏట్లోకి దిగకుండా గడిచిపోయిన దినాలు, పడవకి సగటున పంతొమ్మిది.

ఇంకా ఉండవచ్చు. నేను కళ్ళారా చూసినదైనా కావాలి, ఒకరికొకరు తెలియకుండా ఇద్దరు చెప్పినదైనా కావాలి. లేకపోతే లెక్కలో వేయను. ఈ జాబితా సరిగా వేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మొదటిసారి వేసినప్పుడు తప్పు వేశాను. ఆ తప్పు వల్ల ఒక బావి రావలసిన చోటికి రాలేదు. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆనకట్ట కట్టాక పుట్టినవాణ్ణి. మా నాన్నగారిది పప్పుల కొట్టు. వీధిబడిలో నాలుగేళ్ళు చదివాను. ఎక్కాలు తప్ప అక్కడ నాకు పట్టుబడింది లేదు. మిగతా లెక్కలు ఏటి దగ్గర నేర్చుకున్నాను. లాకుల పక్కన నీటిమట్టం చూసే రాయి ఉండేది, అడుగులూ అంగుళాలూ చెక్కి. పొద్దున్నే స్నానానికి వెళ్ళినప్పుడు ఆ మట్టం చూసొచ్చి కొట్టు గోడ మీద బొగ్గుతో రాసేవాణ్ణి. మూడేళ్ళు రాశాక, నీరు ఎర్రబడిన ఎన్నో రోజుకి మట్టం ఎంత పెరుగుతుందో చెప్పగలిగాను. సగటు అనే మాట ఎవరి దగ్గరా వినకముందే సగటు తీశాను. ఈ పిచ్చి ఊళ్ళో తెలిసింది. మునిసిపాలిటీ ఆఫీసులో జనన మరణాల రిజిష్టరు రాయడానికి మనిషి కావలసి వచ్చినప్పుడు నన్ను పిలిచారు.

చావు కారణానికి మా రిజిష్టరులో ఆరు గడులు. వాంతిభేదులు, మశూచి, జ్వరాలు, విరేచనాలు, దెబ్బలు, ఇతరాలు. జ్వరాల గడి మిగతా ఐదింటికన్నా ఎప్పుడూ ముందు నిండేది. చలిజ్వరమైనా, మూడు వారాల సన్నిపాతమైనా, పురిటి జ్వరమైనా అందులోకే. చావు జరిగిన ఇంటివాళ్ళు వచ్చి పేరూ, వయసూ, తేదీ చెప్పి సంతకం చేయాలి, చదువు రానివాళ్ళు నిశానీ పెట్టాలి. వాళ్ళు రాకపోతే ఆ మనిషి బతికి ఉన్నట్టే.

జాలరిపేట ఊరికి దిగువన, ఏటిగట్టు కింద ఉండేది. జనం నాలుగువందల పది. వేసవిలో లాకుల మరమ్మతులకి కాలవలు కట్టేసేవారు. ఏరు ఇసక మీదుగా అరమైలు అవతలికి జరిగిపోయేది. పేటవాళ్ళు గట్టు కిందే ఇసకలో చెలమ తీసుకుని ఆ నీళ్ళు తాగేవారు. చెలమకి ఎగువన ఊరి మురుగుకాలవ వచ్చి ఇసకలో ఇంకిపోయేది. రెంటికీ మధ్య దూరం నా అడుగులతో డెబ్బై రెండు.

మా కోమట్ల వీధి ఊరి నడుమ. జనం ఆరువందల నలభై. మాకు పాత బావి ఉంది గాని దానికి గచ్చు లేదు, వాన పడితే వీధి నీళ్ళన్నీ అందులోకే దిగేవి. కాబట్టి మా వీధికీ కొత్త బావి అవసరమే. ఆ మాట ముందే చెప్పకపోతే అన్యాయమవుతుంది.

జ్వరాలు వచ్చిన మొదటి ఏడు, వానలు తగ్గాక, ఛైర్మన్‌గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆసుపత్రి డాక్టరుగారు కూడా అక్కడే ఉన్నారు.

"గుమాస్తాగారూ, ఈ ఏడు రాతిగచ్చుతో, గిలకతో ఒక్క బావి తవ్వించగలం. ఒక్కటే. మీ వీధివాళ్ళు అర్జీ ఇచ్చారు. డాక్టరుగారేమో జాలరిపేటకి ఇమ్మంటున్నారు. నాకు వాళ్ళూ వీళ్ళూ వద్దు. ఏ వార్డులో నూటికి ఎక్కువమంది జ్వరంతో పోయారో ఆ వార్డుకి బావి. పదిహేను రోజుల్లో లెక్క ఇవ్వండి."

రిజిష్టరు తీసి చూస్తే మా వీధిలో పదహారు, జాలరిపేటలో నాలుగు. డాక్టరుగారు ఒప్పుకోలేదు. "నాలుగంటే నేను నమ్మను. నేను కళ్ళతో చూసినవే అంతకన్నా ఎక్కువ. ఇల్లిల్లూ తిరిగి అడుగుదాం" అన్నారు.

పేటవాళ్ళు ఎందుకు చెప్పరో నాకు తెలుసు. జ్వరం వచ్చిన ఇంటి చేపలబుట్టని ఇరవై ఒక్క రోజులు బజారులోకి రానివ్వకూడదని అప్పట్లో ఒక నిబంధన ఉండేది. అయినా ఒకసారి అడిగి చూద్దామనుకున్నాను. ఆఫీసు ఎదురుగా నీడలో రోజూ ఒక ముసలావిడ చేపలబుట్ట దించుకుని కాస్త కూర్చుని బజారుకి వెళ్ళేది. పేటలో ఆవిడ మాటకి విలువ ఉంది. వెంట అయిదేళ్ళ మనవరాలు ఉండేది.

"ఏమ్మా, ఈ వేసవికి మీ పేటలో జ్వరంతో ఎంతమంది పోయారు?"

"మీరు చేప కొనరుగదండి, శెట్టిగారూ."

"కొనను."

"కొననోళ్ళకి బుట్ట మీద గుడ్డ తీసి చూపించడం ఎందుకండి?"

పక్కన ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వకుండా బుట్ట సర్దుకుంది.

"చెబితే మీ పేటకి బావి వస్తుందమ్మా" అన్నాను.

"బావిలో చేపలుండవుగదండి. చెబితే జ్వరం ఇల్లని రాస్తారు, బజారు గుమ్మం దగ్గరే నా బుట్ట ఆపేస్తారు. పోయినోళ్ళు ఎలాగూ తినరు. ఉన్నోళ్ళు తినాలా వద్దాండి?"

"నీళ్ళు కాచుకుని తాగమని డాక్టరుగారు చెప్పారా?"

"చెప్పారండి. పుల్లలెక్కడివో చెప్పలేదు." పిల్ల తలమీద చెయ్యి వేసింది. "మా ఇంటికి ఇదొక్కతే మిగిలిందండి. దీనికి మంచినీళ్ళు పోయాలని నాకు మాత్రం ఉండదా? చూద్దాం లెండి."

అప్పుడు నాకు కుండల ఆలోచన వచ్చింది. పేటవాళ్ళు శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు ముందు ఒకరు నీళ్ళకుండ పట్టుకు నడుస్తారు. గొయ్యి చుట్టూ తిరిగి దాన్ని పగలగొడతారు. ఇంట్లో వాడిన కుండ పనికిరాదు, కొత్తదే కావాలి. దానికి బేరం ఆడరు, చేతి నుంచి చేతికి అందుకోరు. కుమ్మరి నేలమీద పెడితే వీళ్ళు తీసుకుంటారు. పేటంతటికీ కుమ్మరి ఒక్కడే.

ఆ కుమ్మరి ఇంటికి వెళ్ళాను. ఇంటి వెనక పంచలో గోడ పక్కన ఆ చిన్నకుండలు విడిగా ఒక వరసలో ఉన్నాయి. గోడ మీద సున్నపు గీతలు.

"ఈ గీతలేంటి?" అని అడిగాను.

"ఎన్ని పోయాయో తెలిస్తేగదండి, వచ్చే ఆవంలో ఎన్ని కాల్చాలో తెలిసేది."

"ఉగాది నుంచి పేటకి ఎన్ని వెళ్ళాయి?"

అతను గీతల మీద వేలు పెట్టి చదివాడు. ప్రతి గీతకీ ఇల్లు చెప్పాడు. మొత్తం పది. అందులో ఒకటి పాముకాటు. తొమ్మిది మిగిలాయి.

"శెట్టిగారూ, కుండలు కొనేవోళ్ళు తెలుసు, పగలగొట్టేవోళ్ళు తెలుసు. లెక్కెట్టుకునేవోరిని ఇప్పుడే చూస్తున్నానండి" అన్నాడు.

నాకు చాలా తృప్తి కలిగింది. ఎవరినీ నొప్పించకుండా, ఒక్క ఇంటి తడికా తట్టకుండా నాలుగుని తొమ్మిది చేశాను. మర్నాడు డాక్టరుగారికి చెబితే ఆయన కూడా మెచ్చుకున్నారు. "అయితే ఇల్లిల్లూ తిరగక్కర్లేదంటారా?" అని అడిగారు.

"అక్కర్లేదండి. కుండ అబద్ధం చెప్పదు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. తరవాత ఎన్నిసార్లు చూసుకున్నా ఇంకొకరి మీదికి తోయడానికి అందులో ఏమీ లేదు.

ఈ లోపల మా వీధిలో నా గురించి మాటలు పుట్టాయి. పెనుగొండ అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చిన మా పెదనాన్నగారు కొట్టు ముందు అందరూ వింటుండగా అడిగారు.

"ఏరా, నువ్వు ఏ వీధిలో పుట్టావురా? కుమ్మరివాడి గోడ చదివి జాలర్లకి చావులు పోగుచేస్తున్నావట."

"ఉన్నవే రాస్తున్నానండి."

"మన వీధిలో పదహారు నీ చేత్తోనే రాశావు. అందులో నీ కూతురుందిగదరా. ఇంకా ఎవరిది ఎక్కువో చూడాలా?"

నిజమే. మా మూడేళ్ళ పిల్ల ఆ జ్యేష్ఠంలో సన్నిపాతంతో పోయింది. పద్దెనిమిది రోజులు జ్వరం కాసింది. లంఖణాలు పెట్టించాం. పంతొమ్మిదో రోజు తెల్లవారాక పోయింది. ఆఫీసుకి వెళ్ళగానే ఆ పేరు రాసి, చెప్పినవారు అన్న చోట నా సంతకం, రాసినవారు అన్న చోటా నా సంతకం పెట్టాను. పెదనాన్నగారికి చెప్పవలసినంత తేడా లెక్కలో కనపడుతుందనుకున్నాను.

తేడా కనపడింది గాని నేననుకున్న వైపు కాదు. మా వీధి ఆరువందల నలభైకి పదహారు, అంటే నూటికి సరిగ్గా రెండున్నర. జాలరిపేట నాలుగువందల పదికి తొమ్మిది, అంటే నూటికి రెండుంబావుకి కొంచెం తక్కువ. రెండుసార్లు వేశాను, తిరగేసి కూడా వేశాను. అదే వచ్చింది. ఇంకొక్క రెండు కుండలుంటే సరిపోయేదని నాకు తోచింది. లేని కుండలు వేయడం నాకు చేతకాదు.

సమావేశంలో కాగితం చదివాను. ఛైర్మన్‌గారు, "రిజిష్టరులో ఉన్న నాలుగుతో ఆగకుండా కుమ్మరి ఇంటిదాకా వెళ్ళి తెచ్చిన లెక్క ఇది. ఇంతకన్నా ఎవరూ తేలేరు" అన్నారు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. నేను నాలుగే అని చదివి ఉంటే డాక్టరుగారు ఊరుకునేవారు కాదు. తొమ్మిది అనడం వల్ల ఆయన నోరు కూడా మూతపడింది. బావి మా వీధికి వచ్చింది.

మా వీధిలో తవ్వకం మొదలై, పది అడుగులు దిగాక ఒకనాడు ఆ ముసలావిడ ఆఫీసు మెట్ల దాకా వచ్చింది. పైకి రాలేదు.

"శెట్టిగారూ, మా పేట మొత్తానికి తొమ్మిదే అని రాశారటండి."

"తొమ్మిది కుండలు వెళ్ళాయమ్మా. నువ్వు చెప్పనన్నావు, నేను కుమ్మరిని అడిగాను."

"మా ఒక్క ఇంట్లోనే ముగ్గురు గదండి."

"మీ ఇంటికి వెళ్ళింది ఒక్క కుండే. మీ అబ్బాయికి."

ఆవిడ నన్ను కాసేపు చూసింది. కోపంగా కాదు. చిన్నపిల్లవాడు తప్పు ఎక్కం చెబితే చూసినట్టు చూసింది.

"పిల్లలకి కుండేంటండీ?"

ఆవిడే మళ్ళీ అంది. "తండ్రి గుడ్డలో చుట్టి చేతుల్లో పట్టుకెళ్ళి ఇసకలో పెట్టొస్తాడు. మేళం లేదు, కుండ లేదు. మీ ఇళ్ళల్లో పిల్లలకి పడతారాండి?"

పట్టరు. మా పిల్లని నేనే పట్టుకెళ్ళాను. చేతులు రెండూ పిల్ల కిందే ఉన్నాయి. మా అన్నయ్య పలుగూ పారా తెచ్చాడు. మూడో మనిషి లేడు. కుండ సంగతి ఎవరూ అనుకోలేదు, అనుకోవలసిన అవసరం లేదు కాబట్టి. అది జరిగిన నాలుగు నెలలకి నేను కుమ్మరి పంచలో నిలబడి గీతలు లెక్కపెట్టాను. ఇంకా ఒకటి ఉంది. మా వీధి పదహారులో చిన్నపిల్లలు ఏడుగురు; అందరినీ మేం చెప్పి రాయించాం. జాలరిపేట తొమ్మిదిలో ఒక్కరూ లేరు. రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టి రెండుసార్లు కూడినవాణ్ణి, వయసుల గడి చూడలేదు. "ఇదొక్కతే మిగిలింది" అని ఆవిడ నాతోనే అంది. మిగిలింది అంటే అది తీసివేత లెక్క. అదీ పట్టుకోలేదు.

ఛైర్మన్‌గారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "తవ్విన బావిని ఎత్తి అక్కడ పెట్టలేంగదండీ. ఎంతమంది పిల్లలో పేరూ, తేదీ, నిశానీతో పట్టుకురండి. వచ్చే ఏడు చూద్దాం. ఈసారి కుండలు వద్దు" అన్నారు. రాస్తే బుట్టలు ఆపేస్తారన్న భయం ఉందని చెబితే, పాత చావులకి ఎవరి బుట్టా ఆపరని కాగితం మీద రాసిచ్చారు.

ఆ కాగితం పట్టుకుని పేటకి వెళ్ళాను. ముసలావిడ ముందు నడిచింది. ఇల్లిల్లూ తిరిగాం. డాక్టరుగారు ముందే చెప్పిన పని అది. మగవాళ్ళు కూర్చోమన్నారు, ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. బిడ్డ పోతే, మళ్ళీ బిడ్డ పుట్టేదాకా ఆ పేరు ఆ ఇంట్లో ఎత్తరు. ఎత్తితే వచ్చే బిడ్డ నిలవదని నమ్మకం.

"పేరు లేకుండా ఎలా రాయనమ్మా?" అన్నాను.

"ఎంతమందో తెలిస్తే చాలదాండి మీకు?"

"నాకు చాలు. రిజిష్టరుకి చాలదు."

ఆవిడ లోపలికి వెళ్ళి ఆడవాళ్ళతో ఏదో మాట్లాడి వచ్చింది. నా కండువా నేలమీద పరవమంది. ఒక్కొక్క ఇంటినుంచీ ఒకామె వచ్చి, వలకి బరువుగా కట్టే మట్టిగుండు ఒకటి కండువా మీద పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఒకామె రెండు పెట్టింది. ముసలావిడ కూడా రెండు పెట్టింది. అన్నీ కలిపి పదకొండు. తొమ్మిదీ పదకొండూ ఇరవై. నూటికి దాదాపు ఐదు. మా వీధికి ఇంచుమించు రెట్టింపు.

పదకొండు గుండ్లూ ఆఫీసుకి తెచ్చి బల్లమీద పెడితే ఛైర్మన్‌గారు ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ పెట్టేశారు. "నేను నమ్ముతున్నాను. కాని దీన్ని ఏ గడిలో రాస్తారు?" అన్నారు. ఆ ఏటి రిజిష్టరు చివర పదకొండు వరసలు ఖాళీగా వదిలి గీత కొట్టాను. వారం తిరక్కుండా ఇద్దరు తండ్రులు పెళ్ళాలకి తెలియకుండా వచ్చి పేర్లు చెప్పి నిశానీ పెట్టారు. రెండు వరసలు నిండాయి.

మళ్ళీ వేసవి వచ్చింది, కాలవలు కట్టేశారు. చెలమ అక్కడే, మురుగు అక్కడే. పేట నుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు మా వీధి కొత్త బావి దాకా బిందెలతో వచ్చేవారు. మా వాళ్ళు వాళ్ళని తోడుకోనివ్వలేదు. తోడిపోసే మనిషి కుదిరినప్పుడు పోసేవాడు, లేనప్పుడు ఎండలో నిలబడి తిరిగి వెళ్ళేవారు. ఎన్ని బిందెలు నిండి వెళ్ళాయో, ఎన్ని ఖాళీగా వెళ్ళాయో కొన్నాళ్ళు రాశాను. ఖాళీవే ఎక్కువ.

వైశాఖంలో ముసలావిడ మనవరాలికి జ్వరం వచ్చింది. తల్లి ఆ ముందటేడే భర్త పోయాక కడియం దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. పిల్లని ఈవిడే పెంచుతోంది. డాక్టరుగారు రెండుసార్లు వెళ్ళారు. నేను మా ఇంట్లో కాచిన నీళ్ళు రోజూ ఒక చెంబుతో పంపించేవాణ్ణి. ఆ నీళ్ళు జ్వరం వచ్చాక ఎందుకని డాక్టరుగారు అడగలేదు, నేనూ చెప్పలేదు. పదిహేనో రోజున చెంబు నిండుగానే వెనక్కి వచ్చింది.

ఆ రోజే, బజారు వేళ దాటాక, ముసలావిడ ఆఫీసుకి వచ్చింది. బుట్ట లేదు. ఈసారి మెట్లెక్కి నా బల్ల ముందు నిలబడింది.

"రాసుకోండి" అంది.

కలం తీశాను. మనవరాలి పేరు చెప్పింది. వయసు చెప్పింది. తేదీ నాకు తెలుసు.

"నీ ఇంటిని జ్వరం ఇల్లని రాయాలమ్మా. ఇరవై ఒక్క రోజులు బుట్ట ఆపుతారు. ఇది పాతది కాదు."

"ఆపుకోమనండి. ఎవరికి వండాలండి నేను?" నిశానీ పెట్టింది. పెట్టి కదల్లేదు. "ముందటేడువి రెండు గుండ్లిచ్చాను గదండి. అవీ రాసుకోండి. మా ఇంట్లో ఇంక పుట్టేవోళ్ళు లేరు. ఆ పేర్లు నేనెత్తినా ఎవరికీ ఏమీ కాదు."

రెండు పేర్లూ చెప్పింది. మగపిల్లలు, కవలలు. పాత రిజిష్టరు తీసి మూడో వరస, నాలుగో వరస నింపాను.

ఆవిడ వచ్చి చెప్పిందని పేటలో తెలిశాక ఆ వేసవి చావులన్నీ వచ్చి రాయించారు. పెద్దవాళ్ళు ఆరుగురు, పిల్లలు ఐదుగురు; ఆవిడ మనవరాలు కాక మిగతా నలుగురు పిల్లల పేర్లూ తండ్రులే పెళ్ళాలకి తెలియకుండా చెప్పారు. బుట్టలు ఆపిన ఇళ్ళకి మిగతా ఇళ్ళవాళ్ళు బియ్యం ఇచ్చుకున్నారు. ఆ ఏడు మా వీధిలో జ్వరం చావులు మూడు. ఈసారి సమావేశంలో కాగితం చదవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. మూడో వేసవికి జాలరిపేటలో గట్టు పైన రాతిగచ్చుతో, గిలకతో బావి వచ్చింది. మొదటి చేద ముసలావిడ చేత తోడిద్దామని పేటవాళ్ళు పిలిచారు. ఆవిడ చేపలమ్మడానికి వెళ్ళిపోయింది. బజారు వేళకి ఆలస్యమవుతుందని చెప్పిందట. ఆ వేసవి పేటలో జ్వరం చావు ఒక్కటి.

ఖాళీ వరసల కోసం తరవాత కూడా ఏటా ఒకసారి పేటకి వెళ్ళేవాణ్ణి. మళ్ళీ బిడ్డ పుడితే పేరు ఎత్తవచ్చు కదా అని నా ఆశ. మూడేళ్ళకి మూడిళ్ళలో పుట్టారు. వెళ్ళి అడిగితే ఒక తల్లి తడిక దగ్గరే నిలబడి చెప్పింది.

"ఆ పేరే దీనికి పెట్టుకున్నామండి. ఇప్పుడు మీకు చెబితే బతికున్న పిల్ల పేరు చావుల పుస్తకంలో రాసినట్టు గదండి?"

మిగతా రెండిళ్ళలోనూ అదే జవాబు. ఇంకో మూడిళ్ళవాళ్ళు, రెండు గుండ్లు పెట్టినామె ఇల్లు అందులోదే, తణుకు వైపు కాలవల మీదకి పడవలు తీసుకుని వెళ్ళిపోయారు. పోయిన బిడ్డ పేరు పుట్టకముందు పలకకూడదు, పుట్టాక అది ఇంకొకరిది. ఆ పేరు చెప్పడానికి వీలైన రోజు ఏదీ లేదని నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ పుస్తకం చివర ఖాళీ ఎందుకని నన్ను ఇప్పటికి ముగ్గురు అడిగారు. కొట్టేసి సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. కొట్టేస్తే మొత్తం తప్పుతుంది. ఆ ఏడు జాలరిపేటలో జ్వరంతో పోయినవారు ఇరవై. రిజిష్టరులో మొదట నలుగురు, కుండల ఇళ్ళకి వెళ్ళి నేను తరవాత రాయించినవారు ఐదుగురు, పిల్లలు నలుగురు, మొత్తం పదమూడు. ఇవాల్టికీ ఇంకా రాయవలసినవి ఏడు.